చలానా కేసులో కోర్టులో ఏం చెప్పాలి: ఒక లాయరమ్మ సలహాకు నేనిచ్చే మార్కులు

తిరుపతిలో మందుల దుకాణాలకు సరుకు వేసే పని నాది. పొద్దున బాలాజీ కాలనీలో మొదలుపెడితే చీకటి పడేసరికి తిరుచానూరు రోడ్డు దాకా స్కూటరు మీదే తిరగాలి కాబట్టి, డ్రైవింగ్ లైసెన్సు నాకు అన్నం పెట్టే కాగితం. నిరుడు ఆ స్కూటరు నంబరు మీద రెండు చలానాలు పడ్డాయి. కట్టకుండా ఉంచేసరికి రెండూ కోర్టుకెక్కి సమన్లు వచ్చాయి. అప్పుడు కోర్టు దగ్గర్లో ఆఫీసున్న ఒక లాయరమ్మ దగ్గరికి సలహా కోసం వెళ్లాను. ఆ సలహా ఎలాంటిదో, ఇచ్చిన డబ్బుకు తగినదో కాదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మెచ్చుకోలుతో పాటు ఒక ఫిర్యాదు కూడా ఉంది గనుక పేరు చెప్పడం లేదు.

మొదటి చలానా నో పార్కింగుది, అది నిజమే. సరుకు దించే తొందరలో బోర్డు కిందే బండి నిలిపాను. రెండోది ట్రిపుల్ రైడింగుది, అది నాది కాదు. ఫొటోలో ముగ్గురు కుర్రాళ్లు మోటారు సైకిలు మీద వెళుతున్నారు, నా దగ్గర ఉన్నది స్కూటరు. నంబరు చివర ఉన్న 3 అంకెను ఎవరో 8గా చదివి నా ఖాతాలో వేశారు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టినా జవాబు రాలేదు. "వెయ్యి రూపాయలే కదా బావా, కట్టి పారేస్తే పోదా" అని మా బావమరిది పోరుపెట్టాడు. నేనూ దాదాపు ఒప్పుకున్నాను.

వద్దన్నది లాయరమ్మే. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ట్రిపుల్ రైడింగుకు 194సీ సెక్షను కింద వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉంటుంది. హెల్మెట్టు లేనందుకు వేసే 194డీ కూడా అలాంటిదే. నో పార్కింగు మాత్రం 177వ సెక్షను కిందికి వస్తుంది కాబట్టి మొదటిసారికి 500 రూపాయల వరకు జరిమానాతో సరిపోతుంది. చేయని తప్పును వెయ్యి రూపాయలకు ఒప్పుకుంటే మూడు నెలలు బండి ముట్టుకోకుండా కూర్చోవలసి రావచ్చని విన్నాక, సలహాకు అడిగిన 500 రూపాయలు నాకు భారమనిపించలేదు.

ఆఫీసంటే జిరాక్సు కొట్టు మీద ఒక గది, రెండు బీరువాలు, ఒక గుమాస్తా. జరిగింది చెప్పమని ఆవిడ అడిగితే బోర్డు సరిగ్గా కనిపించకపోవడం, ఆ రోజు అమ్మకు ఒంట్లో బాగాలేకపోవడం, పక్కన నాలుగు కార్లున్నా నా బండికే ఫొటో తీయడం, అన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ ఓపికగా విని, తెల్లకాగితం మీద నా మాటల్నే వరుసగా రాసి, పెన్నుతో ఒక్కొక్క వాక్యాన్నీ కొట్టేస్తూ పోయింది. చివరికి మిగిలినవి నాలుగు వాక్యాలు. "మొదటి కేసులో తప్పు ఒప్పుకుంటున్నానండి. రెండో కేసులో తప్పు ఒప్పుకోవడం లేదండి. ఫొటోలో ఉన్న బండి నాది కాదండి. నా బండి ఆర్‌సీ, ఫొటో ప్రింటు తెచ్చాను, చూడమని కోరుతున్నానండి." అంతే. తర్వాత నన్ను లేచి నిలబడి చెప్పమంది. జేబులో చెయ్యి పెట్టుకుంటే తీయించింది, మూడో వాక్యం తర్వాత "అసలేం జరిగిందంటే" అని మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది. మూడుసార్లు చెప్పించాకే వదిలిపెట్టింది.

మాటల మీద ఇంత పట్టుదల ఎందుకని అడిగితే ఆవిడ చెప్పిన కారణం నాకు కొత్త. ఇలాంటి చిన్న కేసుల్లో మేజిస్ట్రేటు ఆరోపణ ఏమిటో చెప్పి, నేరం ఒప్పుకుంటావా లేక చెప్పుకునేది ఏమైనా ఉందా అని అడుగుతారు. ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలును వీలైనంత వరకు నిందితుడు అన్న మాటల్లోనే నమోదు చేయాలని 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని (క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం) 275వ సెక్షను చెబుతోంది. అంతకుముందున్న పాత చట్టంలో కూడా ఇదే ఉండేది. ఒకసారి ఒప్పుకున్నాక వేసిన శిక్ష ఎక్కువైందనో, చట్టబద్ధం కాదనో తప్ప అప్పీలుకు వెళ్లడానికి వీలుండదు. "ఏదో పొరపాటైపోయింది సార్" అన్న మాట మనకు మర్యాదగా వినబడుతుంది కానీ, కాగితం మీదికి ఎక్కితే అది నేరాంగీకారంగా నిలిచిపోవచ్చునని ఆవిడ హెచ్చరించింది.

చెప్పకూడనివాటి మీద ఆవిడ గడిపిన పది నిమిషాలే నా దృష్టిలో ఈ సలహాలో అసలు సరుకు. అందరూ అక్కడే బండ్లు పెడుతున్నారని చెబితే, నేనూ పెట్టానని ఒప్పుకున్నట్టే అవుతుంది. బోర్డు చూడలేదంటే తప్పు పోదు, కాకపోతే నిజంగా బోర్డే లేకపోతే ఆ చోటు ఫొటో తీసి చూపించవచ్చు. ఫలానా నాయకుడు మాకు కావలసినవాడన్న సంగతి ఎత్తనే కూడదు. తిరుపతివాళ్లం కాబట్టి మనకొక ప్రత్యేకమైన అలవాటు ఉంది: మాట మాటకీ కొండవైపు చెయ్యి చూపించి "ఆ ఏడుకొండలవాడి సాక్షిగా" అంటాం. దానికి ఆవిడ నవ్వి, "స్వామిని సమన్లిచ్చి పిలిపించలేం కదండీ, మీకు ఆ ఫొటోనే సాక్షి" అంది. కింద కొట్టులో ఫొటోను ఏ ఫోర్ కాగితం మీద పెద్దగా, నంబరు ప్లేటును విడిగా ఇంకా పెద్దగా, ఆర్‌సీతో కలిపి మూడు ప్రతులు తీయించింది. ఒకటి కోర్టుకు, ఒకటి ప్రభుత్వ న్యాయవాదికి, ఒకటి నాకు. ఫోనులో చూసినప్పుడు 8లాగే కనిపించిన అంకె, కాగితం మీద అక్షరాభ్యాసం చేసే పిల్లాడు కూడా చెప్పగలిగేంత స్పష్టంగా 3 అయింది.

వాయిదా రోజు పదిన్నరకు వెళితే నా పేరు పిలిచేసరికి మూడు దాటింది. అంతసేపు కూర్చోవలసి వస్తుందని ముందే చెప్పి ఉంటే ఆ రోజు సరుకు ఇంకొకరి చేత పంపించేవాణ్ని. ఆవిడ కూడా రాలేదు, నేను కట్టింది సలహాకు మాత్రమే గనుక తప్పుపట్టను. నాకు ముందు నిలబడిన ఒకాయన తన కష్టాలన్నీ చెప్పుకుని, చివర్లో ఎంతో కొంత తగ్గించమని అడిగాడు. మేజిస్ట్రేటు గారు విసుక్కోకుండానే "ఒప్పుకుంటున్నారా, లేదా?" అని మూడుసార్లు అడగవలసి వచ్చింది. నా వంతు వచ్చినప్పుడు గొంతు తడారిపోయింది, అయినా నేర్చుకున్న నాలుగు వాక్యాలూ తడబడకుండా వచ్చాయి. మొదటి కేసుకు 500 జరిమానా వేశారు, అప్పుడే కట్టి రసీదు తీసుకున్నాను. రెండోదానిలో ప్రింటు చూసి, ప్రభుత్వ న్యాయవాదికి చూపించి, పోలీసుల నుంచి వివరణ తెప్పించమని వాయిదా వేశారు. తర్వాతి వాయిదాకు బండి వేరని తేలింది, నా మీద కేసు మూసేశారు.

ఇక లోపాలు. సమ్మరీగా, అంటే సుదీర్ఘ విచారణ లేకుండా క్లుప్తంగా తేల్చే ఇలాంటి కేసుల్లో తప్పు ఒప్పుకునేవాళ్లు, సమన్లలో ఆ వీలు ఇచ్చి ఉంటే, కోర్టుకు రాకుండానే రిజిస్టరు ఉత్తరం రాసి, అందులో చెప్పిన మొత్తం పంపవచ్చని మోటారు వాహనాల చట్టం 208వ సెక్షనులో ఉంది. నాకు ఎటూ రెండో కేసుకు వెళ్లక తప్పదు కానీ, నో పార్కింగు ఒక్కటే ఉన్నవాడికి పని దినం మిగిల్చే ఈ సంగతి ఆవిడ ప్రస్తావించనే లేదు. న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత సలహా దొరుకుతుందనీ, 15100కు ఫోను చేయవచ్చనీ, స్త్రీలకూ ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా ఆ హక్కు ఉందనీ కూడా నేను తర్వాత కోర్టు ఆవరణలోని బోర్డు చూసే తెలుసుకున్నాను. పొట్ట గడవాలి కదా, లాయరు తన ఆఫీసులో అది చెప్పాలని ఆశించడం అత్యాశేనేమో. లోక్ అదాలత్ దాకా ఆగమని మిత్రులు చెప్పిన మాటను మాత్రం ఆవిడ సరిగ్గానే కాదంది. అక్కడ జరిగేది రాజీ కాబట్టి, ఒప్పుకునే కేసుకు పనికొస్తుంది తప్ప, ఆ బండి నాది కాదనేవాడికి కాదు.

సలహాకు ఐదుకు నాలుగున్నర ఇస్తాను, ఆఫీసు నడిపే తీరుకు రెండు. తప్పు చేశానని తెలిసి, జరిమానా కట్టడానికి సిద్ధపడినవాళ్లు ఇంత దూరం వెళ్లనక్కర్లేదు. చలానాలో తేడా ఉన్నవాళ్లు, ముఖ్యంగా లైసెన్సు మీదికి వచ్చే సెక్షను ఉన్నవాళ్లు వెళ్లవచ్చు. సలహా 500లకు రసీదిచ్చారు. ప్రింట్లకు నేను విడిగా డబ్బిచ్చాక కూడా "కాగితాల ఖర్చు" అంటూ గుమాస్తా ఇంకో 300 తీసుకున్నాడు, దానికి మాత్రం రసీదు లేదు. రెండుసార్లు వెళ్లి అడిగాను. "రేపు రాండన్నా" అంటున్నాడు.