రాడగాన్ సోర్‌సీల్: తీయబోతే తీయనివ్వని తాయెత్తు

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్‌లో ఈ తాయెత్తు నా పాత్ర మెడలో దాదాపు రెండు వందల గంటలు ఉంది. ఇది చెడ్డదని నాకు కోపం కాదు. ఎప్పుడు చెడ్డదయిందో నాకు తెలియనివ్వలేదని కోపం.

మొదట్లో దీన్ని నెత్తిన పెట్టుకున్నాను. ముప్పయ్యో లెవెల్ రాకముందే నా గుర్రం టోరెంట్‌ను ఎక్కి కేలిడ్ ప్రాంతం అవతల ఉన్న ఫోర్ట్ ఫారోత్‌కు దౌడు తీశాను. బయట కొండంత డ్రాగన్ గ్రేయోల్ పడుకుని ఉంటుంది, లోపల గబ్బిలాలు. నాలుగుసార్లు చచ్చి అయిదోసారి తాయెత్తుతో బయటపడ్డాను. వైగర్ (ప్రాణాన్ని పెంచేది), ఎండ్యూరెన్స్ (బరువు మోసే శక్తిని పెంచేది), స్ట్రెంత్ (బలం), డెక్స్టెరిటీ (చేతి నేర్పు) అయిదేసి పెరిగాయి. ఇరవై లెవెల్స్ ఊరికే వచ్చినట్టే. బదులుగా తగిలే ప్రతి దెబ్బా 15 శాతం ఎక్కువ. ఆ అంకె ఆటలో ఎక్కడా కనిపించదు, దెబ్బ పెరుగుతుందని మాత్రం రాసి ఉంటుంది.

అప్పట్లో అది లాభమే. వైగర్ 20 దగ్గర ప్రాణం 652 ఉంటే, 25 దగ్గర 800. దెబ్బ పెరిగినా అంతకు మించి ప్రాణం పెరిగింది. పరిచయస్తులందరికీ ఇదే వేసుకోమని చెప్పాను. ఆ సలహాను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

ఆటలో మహా కష్టమైన శత్రువు మలీనియా దగ్గర మూడు వారాలు ఆగిపోయాను. ఆమె వాటర్‌ఫౌల్ డాన్స్ అనే వరస కత్తివేట్లు మొదలుపెడితే చాలు, సగం కూడా పూర్తికాకుండానే నా పని అయిపోయేది. పక్కన కూర్చుని చూస్తున్న తమ్ముడు, "అన్నయ్యా, అంత బరువు కవచం వేసుకుని కూడా ఇలా పోతున్నావేమిటి?" అన్నాడు. అప్పుడు లెక్క వేశాను. నా సొంత వైగర్ 50, అంటే 1704. తాయెత్తుతో 55, అంటే 1814. పెరిగింది 110 మాత్రమే. అదనపు దెబ్బను లెక్కలోకి తీసుకుంటే ఆ 1814 విలువ 1577. మెడలో ఏమీ లేకుండా వెళ్లినా ఇంతకంటే ఎక్కువసేపు బతికేవాడిని!

వెంటనే తీసి పారేసి లోపలికి వెళ్లాను. మొదటిసారి దొర్లబోతే మూట కింద పడేసినట్టు ధబ్బుమని పడ్డాడు నా వీరుడు. ఎండ్యూరెన్స్ అయిదు తగ్గడంతో ఒంటి మీది బరువు మోయగలిగేదానిలో 70 శాతం దాటిపోయిందని, అలా దాటితే దొర్లడం మొద్దుబారుతుందని నాకు తట్టలేదు. పది క్షణాల్లో ఆట ముగిసింది. తమ్ముడు నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను ముచ్చటపడి వేసుకున్న బుల్-గోట్ అనే ఆ బరువు కవచం ఈ తాయెత్తు బలం మీదే నిలబడిందన్నమాట. అంత బరువు మోసింది దెబ్బ తగ్గడానికి, ఆ తగ్గింపును తాయెత్తు తినేస్తోంది.

చివరికి కవచం మార్చి తేలికైనది వేశాను. తాయెత్తు స్థానంలో డ్రాగన్‌క్రెస్ట్ గ్రేట్‌షీల్డ్ పెట్టాను. ఆయుధపు దెబ్బలను 20 శాతం తగ్గించే ఆ తాయెత్తు మలీనియా ఉండే ఎల్ఫేల్ నగరంలోనే దొరుకుతుంది, మలీనియా గుమ్మానికి పెద్ద దూరం కాదు. దాన్ని ఎప్పుడో తీసి సంచిలో పడేశాను. కవచాల తేడా పక్కన పెడితే, ఇంతకుముందు 1150 పడే దెబ్బ ఇప్పుడు 800 పడుతుంది. మలీనియా ఆ రాత్రే చచ్చిందని చెప్పను, ఇంకో నాలుగు రోజులు పట్టింది. కానీ తప్పు చేసిన ప్రతిసారీ చావడం మాత్రం ఆగింది.

నేను పిల్లలు పడుకున్నాక గంటసేపు ఆడే మనిషిని, ఇతర ఆటగాళ్లతో తలపడను. దెబ్బ తగలకుండా తప్పించుకోగలిగే చేయి ఉన్నవాళ్లకు ఈ గొడవే ఉండకపోవచ్చు. వాళ్లకు ఇది చివరిదాకా పనికొస్తుందేమో.

పోయిన నెల కొత్త పాత్ర మొదలుపెట్టాను. తొలి పన్నెండు లెవెల్స్ కాగానే ఎక్కడికి పరుగెత్తానో వేరే చెప్పనక్కరలేదు. కాకపోతే ఈసారి, వైగర్ 40 రాగానే తీసేయాలని కాగితం మీద రాసి తెర అంచుకు అంటించాను. ప్రస్తుతం 42. ఇంకా తీయలేదు.