కరకట్ట మీదుగా బందరు దాకా

బెజవాడ నుంచి బందరుకి హైవే మీద గంటన్నర, రెండు గంటలు. మేం ఆ దారిన పోలేదు. యనమలకుదురు దగ్గర కృష్ణ కరకట్ట ఎక్కాం. కుడివైపు లంకల్లో అరటి, కంద, పసుపు. ఎడమవైపు కింద ఊళ్లు, కోతలైన వరిచేలు.

రోడ్డు ఇరుకు. ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు ఆగాల్సిందే. పైగా డిసెంబరు కదా, చాలాచోట్ల సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. ఒకావిడ కాళ్లతో సాళ్లు తీస్తూ వడ్లు తిరగేస్తోంది. నేను కారు ఆపితే, వెనక సీట్లోంచి అమ్మ పలకరించింది.

"బీపీటీ రకం వడ్లా అమ్మా?"

"అవేనండీ. తేమ తగ్గిందాకా ఈ రోడ్డే మాకు కళ్లం. కాస్త అటుపక్కగా పోనివ్వండి బాబూ."

తొందరున్నవాళ్లు హైవేనే పట్టుకోవడం మేలు. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లకి ఈ కట్ట టెన్షనే.

తోట్లవల్లూరు దాటి శ్రీకాకుళం చేరాం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఘంటసాల పక్కది, ఆంధ్ర మహావిష్ణువు ఊరు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రకి పోతూ బెజవాడలో కొన్నాళ్లుండి, ఇక్కడికొచ్చి ఏకాదశి ఉపవాసం చేశాడు. ఆ రాత్రి కలలో స్వామి కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని 'ఆముక్తమాల్యద'లో ఆయనే చెప్పుకున్నాడు. అంటే బెజవాడ నుంచి ఆయనా మాలాగే వచ్చాడన్నమాట, కాకపోతే మేం డిక్కీలో పులిహోర పెట్టుకుని వచ్చాం. కాసుల పురుషోత్తమ కవి శతకం నిండా తిడుతూనే పొగిడిందీ ఈ స్వామినే. అంత చరిత్ర ఉన్న గుడిలో ఆ ఉదయం మాతో కలిపి ఏడుగురం. అర్చకులు తీరిగ్గా కథంతా చెప్పారు. నన్నడిగితే ఈ దారిలో ఒక్కచోటే ఆగే వీలుంటే ఇక్కడే ఆగాలి. మధ్యాహ్నం గుడి మూస్తారు, పదకొండులోపు చేరండి.

ఘంటసాలలో మాత్రం తప్పు నాదే. మ్యూజియానికి శుక్రవారం సెలవని చూసుకోకుండా శుక్రవారమే వెళ్లాను. బౌద్ధ స్తూపం దిబ్బ చూసి తృప్తిపడ్డాం. బండి చక్రానికి ఆకుల్లా లోపల ఇటుక గోడలు కట్టిన స్తూపం అది. ఇక్కడి శిల్పాలు కొన్ని ప్యారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్నాయి. మాకైతే ఆ పూట రెండూ ఒకే దూరం. అదే ఊళ్లో జలధీశ్వరాలయంలో శివపార్వతులు ఒకే పీఠం మీద ఉంటారు, అమ్మకి అది బాగా నచ్చింది.

క్షేత్రయ్య మువ్వగోపాలుడి మొవ్వ దారిలోనే ఉంది. దండం పెట్టుకుని కూచిపూడి వెళ్లాం. అక్కడ క్లాసు గానీ కార్యక్రమం గానీ జరిగే సమయానికి వెళ్తేనే లాభం. మేం వెళ్లిన వేళకి వీధులు నిద్రపోతున్నాయి.

రాత్రికి బందరు. లాడ్జి పేరెందుకులే గానీ, ఏసీ నీళ్లు మంచం మీద కారాయి. గది మార్చమంటే "బకెట్ పెడతాం సార్" అన్నారు, పెట్టారు కూడా. పద్దెనిమిది వందలకి అది ఎక్కువే. రాత్రి ఉండకుండా బెజవాడ వెళ్లిపోయి, కలంకారీ అద్దకాల ఊరు పెడనకి ఇంకో రోజు రావడమే నయం. పొద్దున్నే బందరు కోట చూశాం. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఏలిన రేవు, 1864 ఉప్పెనలో ముప్పై వేలమంది దాకా పోయిన ఊరు. ఇప్పుడు మిగిలినవి మొండిగోడలు, పిచ్చిమొక్కలు. ఇరవై నిమిషాలు చాలు. తొక్కుడు లడ్డు కొనుక్కుని బయల్దేరాం.

పెడనలో మాత్రం గంటన్నర కదల్లేదు. కలంకారీ షెడ్డులో ఒక పెద్దాయన టేకు అచ్చుని రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతున్నాడు. పక్క అచ్చు దాని అంచుకి వెంట్రుకవాసి తేడా లేకుండా అతుకుతోంది. నలుపు రంగు తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిందట. వాసన పులిసిన కల్లులా ఉంది. గుడ్డని ముందే కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు.

అమ్మ దుప్పటి ధర సగానికి అడిగింది. పెద్దాయన అచ్చు కింద పెట్టకుండానే, "ఆ ధరకి మిషన్‌ది వస్తుందమ్మా, బజార్లో చూడండి" అన్నాడు. అమ్మ మారుమాట్లాడకుండా రెండు తీసుకుంది.