జీపీఎస్ ఎకరాల మీటర్ కొనేటోళ్లు జర ఆగుండ్రి

ట్రాక్టర్ కిరాయికి తిప్పే అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. భూమి కొలిచే జీపీఎస్ మీటర్ అని చేతిల పట్టుకునేది ఒకటి అమ్ముతున్నరు. నేను వరంగల్‌ల ఒక షాపుల 7,500 పెట్టి తెచ్చిన. "ఇండ్ల నావిక్ గూడ ఉన్నది, జానెడు తేడా రాదు, ఇగ కొలిచే గొలుసు పారెయ్" అన్నడు షాపాయన. నావిక్ అంటే జీపీఎస్ లెక్కనే మన దేశం సొంతంగ పెట్టుకున్న ఉపగ్రహాలు. పారెయ్యలే గని సజ్జ మీదికి ఎక్కిచ్చిన.

పరకాల దిక్కు ఒక కాక చెలక దున్నినంక గట్టు పొంటి తిరిగి కొలిస్తే ఎకరం 6 గుంటలు చూపిచ్చింది. కాక పాస్‌బుక్కు తీసి ముందల పెట్టిండు. ఎకరమే, అంటే 40 గుంటలు. "రాత్రికి రాత్రి నా చెలక ఈనిందారా?" అన్నడు. మళ్ల తిరిగిన, 37 గుంటలు. మూడోసారి ఎకరం 2. పక్క చెలకోళ్లు గూడ వచ్చి నిలబడ్డరు, నా మొఖం చూడాలె. గట్టు మీద వరుసగ యాప చెట్లు, మూలకు ఒక చింత. వాటి కిందికి పోంగనే తెర మీద గీత పాము లెక్క మెలికలు తిరుగుడు. ఆఖరికి కాకనే 33 అడుగుల గొలుసు తెప్పిచ్చిండు. 33కు 33 అయితే గుంట, దాంట్ల దాపరికం లేదు. 39న్నర గుంటలు తేలింది. ఎకరం పైసలే ఇచ్చిండు గని, సగం పూట పాయె.

ఇంటికొచ్చి తెలుసుకున్న. జీపీఎస్ ఉపగ్రహాలు 20 వేల కిలోమీటర్ల మీద ఉంటయ్. సిగ్నల్ వచ్చిన టైముతోనే దూరం లెక్క కడ్తరు, సెకనుల వంద కోట్లో వంతు తప్పితే అడుగు తేడా. ఆకులు అడ్డమొస్తే ఇంకా ఆగమైతది. చదరంగ ఉన్న ఎకరం ఒక్కో దిక్కు 209 అడుగులు. నాలుగు దిక్కుల రెండేసి మీటర్లు బయటికి జరిగితే చాలు, 5 గుంటలు పెరుగుతది! పెద్ద బయలు చెలకల అయితే పర్వాలేదు, అది నేనే ఒప్పుకుంట. గుంటల లెక్కకు మాత్రం పనికిరాదు. జానెడు తేడా గూడ రావొద్దంటే పక్కన ఒక బేస్ పెట్టి తప్పు సవరించే ఆర్‌టీకే కావాలె, ఈ డబ్బాల అది లేదు.

నావిక్ అనంగనే మురిసిన మరి. 2013ల పోయిన మొదటి నావిక్ ఉపగ్రహంల, ఒకటి పోతే ఇంకోటి ఉంటదని, టైము పక్కాగ చూపే మూడు అటామిక్ గడియారాలు పెట్టిన్రు. మూడూ ఆగినయ్, టైము లేకుంటే దూరం లెక్క ఎట్ల? దాని బదులు 2017ల పంపిన దానికి రాకెట్ మీది మూత ఊడలే. 2018ల మళ్ల ఇంకోటి పంపిన్రు.

షాపుకు పోతే "సీల్ తీసినంక వాపస్ లేదు" అన్నరు. నాకిచ్చిన బిల్లు తెల్ల కాయితం ముక్క, జీఎస్టీ నంబర్ గూడ లేదు. తప్పు నాదే, అడగలే. మీరు కొంటే పక్కా బిల్లు తీసుకోండ్రి, పైసలిచ్చే ముందల మీకు కొలత తెలిసిన జాగను చెట్ల కింద మూడుసార్లు కొలిచి సూడుండ్రి. అట్ల కొలవనియ్యకపోతే వాపస్ రాండ్రి.

మీటర్ ఇప్పుడు టూల్ బాక్సుల పానాల కింద పడి ఉన్నది. గొలుసు సజ్జ దిగింది, రెండు కడియాలు తుప్పు పట్టినయ్, కిరసనాయిలు పెట్టి తుడిచిన.