డబుల్ స్ట్రోలర్ కొనే ముందు మీ లిఫ్ట్ డోర్ కొలవండి (బెంగళూరులో మా ఆరు నెలల అనుభవం)

మా పెద్దదానికి రెండేళ్లు నిండిన వారానికే చిన్నోడు పుట్టాడు. అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మూడు నెలలు ఉంది, ఉన్నన్ని రోజులూ ఒకర్ని ఆవిడ ఎత్తుకుంటే ఒకర్ని నేను ఎత్తుకునేదాన్ని, ఏమీ తెలియలేదు. ఆవిడ ఊరెళ్లిన మర్నాడు కింద పాల పాకెట్ తెచ్చుకోవాలన్నా ఇద్దర్నీ వేసుకుని దిగాలి, ఒకడు చంకలో, ఇంకోటి చెయ్యి విదిలించుకుని పార్కింగ్‌లోకి పరుగు. ఆ సాయంత్రమే డబుల్ స్ట్రోలర్, అంటే ఇద్దర్నీ కూర్చోబెట్టి తోసుకెళ్లే బండి, కొనాలని మా ఆయనతో చెప్పేశా.

మేముండేది మారతహళ్లి దగ్గర అపార్ట్‌మెంట్. ఇక్కడ షాపుల్లో సింగిల్‌వి అయితే వరసగా పెట్టి ఉంటాయి గానీ డబుల్‌వి మేం తిరిగిన మూడు చోట్లా కలిపి ఒక్కటే కనపడింది, అది కూడా డబ్బాలో ఉంది, విప్పి చూపించడం కుదరదన్నారు. అందుకని ఆన్‌లైన్‌లో ఫొటోలు చూసి ఒకటి ఆర్డర్ పెట్టాం, అదే మేం చేసిన తప్పు.

ఇవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి రైలు పెట్టెల్లా సీటు వెనక సీటు ఉండేది, టాండెమ్ అంటారు. రెండోది పక్కపక్కనే రెండు సీట్లుండేది. మేం మొదట తెప్పించింది టాండెమ్, 17,500 పెట్టి. సన్నగా ఉంటుంది, సింగిల్ పట్టే ప్రతి తలుపులోనూ పడుతుంది కదా అనుకున్నాం, ఆ మాట వరకూ నిజమే. కానీ మేం కొన్నదాంట్లో వెనక సీటు ఒక్కటే పూర్తిగా వాలుతుంది, కాబట్టి నాలుగు నెలల వాడు వెనక పడుకోవాలి, పన్నెండు కిలోల పెద్దది ముందు కూర్చోవాలి. ఇప్పుడు ఫుట్‌పాత్ అంచు వచ్చిందనుకోండి, హ్యాండిల్ కిందికి నొక్కి ముందు చక్రాలు లేపాలి. ఆ పన్నెండు కిలోలూ ముందు చక్రాల మీదే ఉంటే అవి ఎక్కడ లేస్తాయి? ఇక్కడ కాలవల మీద రాతి పలకలు పరిచిన ఫుట్‌పాత్‌లు మీకు తెలుసు, ఒక పలక పైకి ఒక పలక కిందకి, ప్రతి ఇరవై అడుగులకీ ఒక గేటు వాలు. మొదటి రోజే మెయిన్ రోడ్డు మీద ఒక పలక సందులో ముందు చక్రం ఇరుక్కుంది, వెనక బైకులు హారన్ కొడుతున్నాయి, నేను లాగలేక పెద్దదాన్ని దింపి, చక్రం తీసి, మళ్లీ ఎక్కించి, ఇంటికొచ్చేసరికి చేతులు వణికాయి. వాపసు పంపేశాం. డబ్బులు రావడానికి మూడు వారాలు పట్టింది, ఎన్ని ఫోన్లు చేశామో.

తర్వాత మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే బి బ్లాక్‌లో ఒక అక్క, వాళ్ల కవలలు పెద్దవాళ్లయిపోయారు, పక్కపక్క సీట్లది ఉందని చెప్పింది. ఈసారి డబ్బులిచ్చే ముందు టేపు పట్టుకెళ్లా. స్ట్రోలర్ వెడల్పు 76 సెంటీమీటర్లు, మా లిఫ్ట్ డోర్ తెరుచుకునేది 80. అటు రెండు, ఇటు రెండు. లోపలికి తోసి చూశా, పట్టింది. మడత పెట్టి మా చిన్న కారు డిక్కీలో పెట్టి చూశా, పట్టింది గానీ ఇంకేమీ పట్టదు, కూరగాయల సంచి కూడా ముందు సీట్లోనే. 8,000కి తీసుకున్నాం.

ఆరు నెలల నుంచి రోజూ వాడుతున్నా, నాకు చాలా నచ్చింది. దీని బరువు 14 కిలోలు, ఇప్పుడు పిల్లలిద్దరూ కలిసి 22 కిలోలు, అయినా ఒక చేత్తో తిప్పగలుగుతున్నానంటే కారణం చక్రాలే. వెనకవి పెద్దవి, లోపల ఫోమ్ నింపినవి, గాలి కొట్టే పని లేదు. ముందువి తిరుగుతాయి, గతుకుల్లో తిరక్కుండా లాక్ చేసుకోవచ్చు. చిన్న చిన్న ప్లాస్టిక్ చక్రాలు జంటలుగా ఉండేవి మాల్ నేల మీద బాగుంటాయేమో, మన రోడ్లకి వద్దు. సీట్లు దేనికది వాలుతుంది, టాపులు కూడా వేర్వేరు, ఒకళ్లు పడుకుంటే ఇంకోళ్లు కూర్చోవచ్చు. ఒకరి జుట్టు ఒకరు పీక్కోరా అని అందరూ అడుగుతారు, పీక్కుంటారు. కానీ వీడు నిద్రకి ముందు చెయ్యి చాపి అక్క వేలు వెతుక్కుంటాడు, అది బిస్కెట్ తింటూనే ఎడమ చెయ్యి ఇటు ఇస్తుంది. టాండెమ్‌లో వీడికి దాని సీటు వీపు తప్ప ఏమీ కనపడేది కాదు.

మెట్రోలో కూడా తీసుకెళ్లాం, కుందలహళ్లిలో ఎక్కి కబ్బన్ పార్క్‌లో దిగాం. లిఫ్టులు ఉన్నాయి, టికెట్ గేట్ల దగ్గర వెడల్పు గేటు అడిగితే చూపిస్తారు. ఆదివారం పొద్దున్నే వెళ్లండి, రద్దీ వేళ డబుల్‌తో వద్దు. ఎస్కలేటర్ మీద మాత్రం ఎవరు తొందరపెట్టినా ఎక్కించొద్దు. లాల్‌బాగ్ దారులు చక్కగా వెడల్పుగా ఉంటాయి, కానీ ఆగస్టులో, జనవరిలో ఫ్లవర్ షో రోజుల్లో ఆ జనంలో దీన్ని తోయడం కుదరదు.

నచ్చనివి కూడా చెప్తా. మడత పెట్టాలంటే మధ్యలో బెల్టు లాగాలి, రెండు చేతులూ కావాలి, అప్పుడు చిన్నోణ్ణి ఎవరికివ్వాలి? నేను ముందు కారు సీట్లో ఇద్దరికీ బెల్టు పెట్టేసి తర్వాత మడుస్తా. సందుల్లో బిస్కెట్ పొడి పడి చీమలు పడతాయి, గుడ్డ విప్పి ఉతికేలా ఉంటేనే తీసుకోండి. ముందు చక్రం ఇరుసుకి నా వెంట్రుకలే చుట్టుకుని బిగుసుకుంది ఒకసారి, కత్తెరతో తీశా, ఇప్పుడు నెలకోసారి చూస్తా.

భద్రత సంగతి కాస్త వివరంగా రాస్తా, ఏమీ అనుకోకండి. మెడ నిలవని పిల్లలుంటే సీటు పూర్తిగా వాలాలి, సగం వాలితే చాలదు, తల ముందుకి వంగి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి కష్టమవుతుంది. బెల్టు ఐదు చోట్ల పట్టేది ఉండాలి, భుజాలకి రెండు, నడుముకి రెండు, కాళ్ల మధ్య ఒకటి. బ్రేకు ఒక్క పెడల్ నొక్కితే రెండు వైపులా పడాలి, కొనేటప్పుడు వాలులో నిలబెట్టి చూడండి. హ్యాండిల్‌కి బరువు సంచులు తగిలించొద్దు, పిల్లల్ని దింపగానే వెనక్కి తిరగబడుతుంది. ఏప్రిల్‌లో అమ్మ మళ్లీ వచ్చినప్పుడు ఎండకి తువ్వాలు కప్పబోయింది, వద్దమ్మా అని తీసేశా. అలా మూసేస్తే గాలాడక లోపల వేడి పెరిగిపోతుంది, నీడ కోసం టాపు చాలు. దిష్టి తగులుతుందని ఆవిడ భయం, పాదానికి చుక్క పెట్టుకోమన్నా, ఒప్పుకుంది.

పిల్లల మధ్య మూడేళ్లు, అంతకంటే ఎక్కువ తేడా ఉంటే డబుల్ మీద డబ్బులు పెట్టొద్దనే చెప్తా, పెద్దవాళ్లు నడుస్తారు, అలిసిపోతే నిలబడ్డానికి సింగిల్ స్ట్రోలర్ వెనక తగిలించే చెక్క దొరుకుతుంది. కవలలకీ, మాలాగా రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉన్నవాళ్లకీ మాత్రం పక్కపక్క సీట్లదే, సెకండ్ హ్యాండ్‌లో అయినా. పెద్ద అపార్ట్‌మెంట్లలో వాడేసినవి చాలా ఇళ్లలో బాల్కనీల్లో ఉంటాయి, గ్రూపులో అడగండి. బి బ్లాక్ అక్క బాల్కనీలో రెండేళ్లు ఉందట ఇది. సి బ్లాక్‌లో ఇంకో ఆవిడకి కవలలంట, డిసెంబర్‌లో డెలివరీ, అప్పటికి మా పెద్దది నడుస్తానంటే ఆవిడకే ఇస్తానని మాటిచ్చా.