వ్యాన్ కొనేముందు డోర్ తెరిచి స్టిక్కర్ చదవండి

సెమీ (పెద్ద ట్రైలర్ లాగే లారీ) వదిలేసి కార్గో వ్యాన్‌తో ఎక్స్‌పెడైట్ లోడ్లు, అంటే అర్జెంటుగా చేర్చాల్సిన సరుకు, వేద్దామని చూస్తున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే, సంతకం పెట్టేముందు డ్రైవర్ వైపు డోర్ తెరిచి లోపలున్న స్టిక్కర్ చదవండి. నేను చదవలేదు. ఆరేళ్లు 53 అడుగుల ట్రైలర్ లాగినవాణ్ణి, లారీల బరువు తూచే వే స్టేషన్ కనపడితే పౌండ్లు లెక్కేసుకునేవాణ్ణి, వ్యాన్ దగ్గరికొచ్చేసరికి మైలేజీ, టైర్లు చూసి మురిసిపోయాను.

నాకు అమ్మింది ఒహాయోలో ఒక చిన్న క్యారియర్, అంటే సరుకు రవాణా కంపెనీ. బండీ వాళ్లదే, లోడ్లూ వాళ్లే ఇస్తారు. మాట్లాడినతను తెలుగువాడే. "అన్నా, ఇంక కనపడని వైపుకి బ్లైండ్ సైడ్ బ్యాకింగ్ లేదు, డ్రైవింగ్ గంటలు రాసే లాగ్‌బుక్ లేదు, మెడికల్ కార్డ్ లేదు, 11 గంటల డ్రైవింగ్ లిమిట్ లేదు" అన్నాడు. అన్నా అని పిలిస్తే నేను మెత్తబడిపోతాను, అదో జబ్బు.

అతను చెప్పింది సగమే నిజం. బండీ సరుకూ కలిపి ఎంత బరువు దాటకూడదో బండి తయారుచేసిన కంపెనీ ఆ డోర్ స్టిక్కర్ మీద వేసే అంకె, అదే జీవీడబ్ల్యూఆర్, 10,001 పౌండ్లకి లోపు ఉంటేనే ఆ సుఖాలన్నీ. అప్పుడు కూడా బండికి హెచ్చరిక ప్లకార్డ్ పెట్టాల్సిన హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు) వేయకూడదు. ఒకే మోడల్‌లో 9,990 పౌండ్ల బండి ఉంటుంది, 11,030 పౌండ్ల బండీ ఉంటుంది. బయటికి చూస్తే కవలపిల్లలే. నాకు అంటగట్టింది రెండోది. కెంటకీలో ఇన్‌స్పెక్టర్ ఆపి లాగ్ చూపించమన్నప్పుడు నవ్వుతూ "వ్యాన్ కదా సార్" అన్నాను. ఆయన డోర్ తెరిపించి స్టిక్కర్ మీద వేలు పెట్టాడు. ఇన్సూరెన్స్ లెక్కా మారిపోతుంది. ఫెడరల్ కనీస లయబిలిటీ 3 లక్షల డాలర్లు కాస్తా 7.5 లక్షలవుతుంది.

రెండో దెబ్బ కాంట్రాక్ట్‌లో ఉంది. తమ దగ్గర వ్యాన్ కొన్నవాళ్లకే లోడ్లిస్తామన్నారు, వారం వారం కిస్తీ సెటిల్‌మెంట్‌లో, అంటే లోడ్లకి నాకిచ్చే డబ్బుల్లో, కోసుకున్నారు. లోడ్ లేని వారం కిస్తీ బాకీ కింద పేరుకుంది. సెమీలో దించిన చోటే మళ్లీ ఏదో ఒకటి దొరికేది. ఎక్స్‌పెడైట్ అలా కాదు, ఎక్కడో ఫ్యాక్టరీ లైన్ ఆగిపోతేనే మనకి ఫోన్ వస్తుంది. లరేడోలో దించి మూడు రోజులు ట్రక్ స్టాప్‌లో పడున్నాను. చివరికి శాన్ ఆంటోనియో దాకా ఖాళీగా పోయి రెండు ప్యాలెట్లు ఎత్తుకున్నాను. డాక్ (గోదాంలో సరుకెక్కించే ఎత్తు అరుగు) గొడవ ఇంకోటి. వ్యాన్ ఫ్లోర్ డాక్ కంటే బాగా కిందకుంటుంది. నేల మీద ఫోర్క్‌లిఫ్ట్ లేదని ఒక షిప్పర్ వెనక్కి పంపేశాడు.

లోడ్ రేటులో పర్సంటేజ్ లెక్కన డబ్బులిచ్చేవాళ్లు, కానీ లోడ్ అసలు రేటెంతో చూపించరు. తరవాత తెలిసింది, సెటిల్‌మెంట్ నాటికి రేటున్న బిల్లు కాపీ మనకివ్వాలని ఫెడరల్ లీజింగ్ రూల్స్‌లో, 49 సీఎఫ్ఆర్ 376లో, ఉందట. మన బండిని క్యారియర్ కింద నడపడానికి రాసుకునే లీజ్‌కి షరతుగా తమ దగ్గరే బండి కొనమనకూడదని కూడా అందులోనే ఉంది. ఈ రెండూ మెయిల్లో రాసి అడిగాను. ఆ వారం నుంచి నా ఫోన్ మోగలేదు.

డౌన్ పేమెంట్ 6,000 డాలర్లు వదులుకుని బండి తిరిగిచ్చేశాను. ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్ఎంసీఎస్ఏ వాళ్ల నేషనల్ కన్స్యూమర్ కంప్లైంట్ డేటాబేస్‌లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా ఏమీ తేలలేదు. వ్యాన్ పని చెడ్డదనను. సొంతంగా వేరే చోట బండి కొనుక్కుని, అంకె చూసుకుని దిగి, బాగానే నడుపుకుంటున్నవాళ్లు నాకు తెలుసు.

మొన్న వాళ్ల యార్డ్ ముందు నుంచి వెళ్లాను. నా బండి అక్కడే ఉంది, తెల్లది, హై రూఫ్. అద్దం మీద పెద్దక్షరాలతో "లాగ్‌బుక్ అక్కర్లేదు" అని ఇంగ్లిష్‌లో రాసి మళ్లీ అమ్మకానికి పెట్టారు.