స్ట్రాస్ సీసా పాలు: తోడు పెట్టుకునే వాళ్ల కోసం

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అంటే బే ఏరియాలో, ఇంట్లో పెరుగు తోడేసుకునే వాళ్లకి ముందే చెప్పేస్తున్నా: స్ట్రాస్ ఫ్యామిలీ క్రీమరీ అనే డెయిరీ వాళ్ల గాజుసీసా హోల్ మిల్క్ కొనొచ్చు. కాఫీకి మాత్రమే అయితే అంత డబ్బు పెట్టక్కర్లేదు.

ఈ పాలని హోమోజినైజ్ చెయ్యరు, అంటే మీగడ విడిపోకుండా పాలల్లో కలిపేయరు. అందుకే సీసా మెడలో మీగడ బిరడాలా బిగుసుకుని ఉంటుంది, మూత తీసి వంచితే ముందు చుక్క కూడా పడదు. మా అత్తగారు మొదటిసారి చూసి "ఇవి విరిగినట్టున్నాయే అమ్మాయ్, వెనక్కిచ్చెయ్" అన్నారు. చెంచా కాడతో పొడిచి ఆ ముద్ద గిన్నెలోకి తీసి చూపించాక, వేలితో నాకి, ఇంకేం మాట్లాడలేదు. సీసా బాగా ఊపితే మీగడ పాలల్లో కలిసిపోతుంది గానీ నాకు మనసొప్పదు.

పాలు కాచి, వేలు పెడితే గోరువెచ్చగా తగిలేదాకా ఆగి, చెంచాడు పెరుగు కలిపి, చలికాలమైతే ఓవెన్‌లో లైటు వేసి లోపల పెడతాను. పొద్దునకి కత్తితో కోసినట్టు గట్టిగా తోడుకుంటుంది, పైన తోలు కట్టినట్టు మీగడ. రోజూ ఆ మీగడ తీసి దాచి, డబ్బా నిండాక చిలికితే వచ్చే వెన్న లేత పసుపు. వానలు పడి కొండలు పచ్చబడ్డ నెలల్లో ఆ పసుపు ఇంకా తేలుతుంది. ఆవులు మేసే గడ్డి మహిమ అది. నెయ్యి కాస్తే మెట్ల దాకా వాసన.

ధర మామూలు పాల కన్నా బాగా ఎక్కువ, పైగా సీసాకి డిపాజిట్. నేను ఆ ధర ఇవ్వడానికి మీగడ ఒక కారణం, స్ట్రాస్ వాళ్ల పొలం రెండోది.

శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన టొమాలెస్ బే ఒడ్డున మార్షల్ అనే చిన్న ఊరుంది. బిల్ స్ట్రాస్ అక్కడ 1941లో 23 జెర్సీ ఆవులతో పాడి మొదలుపెట్టాడు. 1960ల్లో ఆ తీరమంతా ఫ్రీవేలు, కాలనీలు వేసేద్దామని ప్లాన్లు గీశారు. 1970ల మొదట్లో మారిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) వాళ్లు వ్యవసాయ భూముల్లో 60 ఎకరాలకి ఒక్క ఇల్లే అని రూలు పెట్టారు. రూలు ఎప్పుడైనా మారొచ్చు కదా. అందుకని 1980లో బిల్ భార్య ఎలెన్, జీవశాస్త్రవేత్త ఫిలిస్ ఫేబర్ కలిసి మారిన్ అగ్రికల్చరల్ ల్యాండ్ ట్రస్ట్ పెట్టారు. పొలాలు పొలాలుగానే ఉండాలని పెట్టిన ట్రస్టు అది. ఇందులో రైతు భూమి అమ్మడు. దాన్ని ముక్కలు చేసి ఇళ్లు కట్టుకునే హక్కుని మాత్రం ట్రస్టుకి అమ్ముతాడు. ఆ తర్వాత పొలం పిల్లలకి ఇచ్చుకోవచ్చు, బయటివాళ్లకి అమ్ముకోవచ్చు, కానీ ఎవరి చేతికెళ్లినా ఆ షరతు భూమితోనే పోతుంది.

మా కృష్ణాజిల్లా వైపు సంగతి గుర్తొస్తుంది. అన్నదమ్ములు పంచుకుంటారు, ఒకరికి కూతురి పెళ్లో, ఊళ్లో ఫ్లాటో, రోడ్డు పక్క వాటా ముందు పోతుంది, మర్నాటికి వెంచర్ వాళ్ల హద్దురాళ్లు. దున్నుకుందామనుకున్న వాడి దగ్గర మిగతావాళ్ల వాటా కొనే డబ్బుండదు. మార్షల్ వైపైతే ట్రస్టుకి హక్కు అమ్మిన డబ్బుతో ఆ వాటాలు కొనుక్కోవచ్చు. స్ట్రాస్ వాళ్ల పొలం కూడా ఈ ఒప్పందం కిందే ఉంది. కొడుకు ఆల్బర్ట్ 1994లో ఆర్గానిక్‌కి మారి ఈ క్రీమరీ తెరిచాడు. మిసిసిపీ నదికి పశ్చిమాన సర్టిఫికెట్ వచ్చిన మొదటి ఆర్గానిక్ డెయిరీ వాళ్లదే.

అలాగని ప్రతి సీసాలో వాళ్ల సొంత ఆవుల పాలే ఉంటాయనుకోకండి. మారిన్, సొనోమా కౌంటీల్లోని ఇంకొన్ని కుటుంబాల పాలూ కొంటారు, ప్లాంటు ఇప్పుడు రోనర్ట్ పార్క్ అనే ఊళ్లో ఉంది. ట్రస్టుతో రాసుకునే ఈ ఒప్పందాలకీ ఒక లొసుగుంది. ఇళ్లు కట్టకపోయినా, డబ్బున్నవాడు పొలం కొని గుర్రాలు కట్టుకుని కూర్చుంటే పాడి పోయినట్టే. అందుకే తర్వాత్తర్వాత రాసుకున్న వాటిల్లో వ్యవసాయం చేసి తీరాలన్న షరతు కూడా కలిపారు.

వాళ్ల పెరుగూ అమ్ముతారు, కాస్త పలచన, పులుపు తక్కువ. తోడుకి బాగా పనికొస్తుంది, మజ్జిగ పులుసుకి చాలదు. సీసా బరువు. కడిగి వెనక్కి తీసుకెళ్లాలి, మా ఇంటి దగ్గర ఒక కొట్టువాడు ఖాళీ సీసాలు తీసుకోనన్నాడు. కొనేముందే కౌంటర్‌లో అడగండి.