భీమిలిలో తీరికగా గడిపిన సెలవులు

విశాఖపట్నం వెళ్లిన కుటుంబాలు చాలావరకు భీమునిపట్నాన్ని, అంటే భీమిలిని, ఒక్క పూటలో చుట్టివచ్చేస్తాయి. డిసెంబరు సెలవుల్లో పిల్లలతోనూ మా అత్తగారితోనూ ఆ ఊళ్లోనే బస చేశాక, భీమిలిలో అసలు చూడవలసినది తెల్లవారుజామునే జరిగిపోతుందని, నగరం నుంచి కారులో పది గంటలకు చేరుకునేవారికి అది దక్కదని తెలిసింది.

బస కోసం రెండు చోట్లు ఆలోచించాం. దారిలో ఉన్న రుషికొండలో పెద్ద హోటళ్లు ఉన్నాయి. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2020లో పొందిన తీరం కూడా అదే కనుక, సముద్రస్నానమే ముఖ్యమనుకునేవారికి అది మేలు. మేము మాత్రం భీమిలిలో, తీరానికి నడిచి వెళ్లగలిగే చిన్న బసను ఎంచుకున్నాం. గదులు శుభ్రంగానే ఉన్నాయి కానీ లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారికి కింది గది కావాలని ముందే ఫోనులో చెప్పినా పై అంతస్తులో ఇచ్చారు. అడిగి మార్పించుకునేసరికి మధ్యాహ్నమైంది. అయితే మేము కొనితెచ్చిన చేపలను అక్కడి వంటమనిషి శుభ్రం చేసి, చింతపండు పులుసు పెట్టి ఇచ్చిన తీరుకు ఆ చికాకంతా మరిచిపోయాం. రాత్రి భోజనానికి ఊళ్లో హోటళ్లు తక్కువ కాబట్టి, వండిపెట్టే సదుపాయం ఉందో లేదో ముందే కనుక్కోవడం మంచిది.

వెలుతురు వచ్చేసరికే పడవలు ఒడ్డు చేరుతాయి. వలల్లో చిక్కిన కానాగంత చేపలను ఒక్కొక్కటిగా విడదీసి ఇసుకమీద కుప్ప పోస్తుంటే, గంపలతో కాచుకున్న ఆడవాళ్లు అక్కడే ధర తేల్చేస్తారు. మా అమ్మాయి దగ్గరికి వెళ్లబోతే, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే "తాడు తొక్కకమ్మా, లాగితే పడిపోతావు" అన్నాడు. చేపలమ్మే ఆమె మొప్ప ఎత్తి ఎరుపు చూపించిన తరువాతే అత్తయ్యగారు బేరం మొదలుపెట్టారు. వేసవి సెలవుల్లో వెళ్లేవారికి ఈ సందడి కనిపించదు. చేపలు గుడ్లుపెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరపడవల వేటను నిషేధిస్తారు.

పగలు చూడటానికి ఊళ్లోనే చాలినన్ని ఉన్నాయి. 1825లో ఇంగ్లీషువారి చేతికి వచ్చేవరకు ఇది డచ్చివారి వర్తకస్థానం. కోసుగా పైకి లేచిన వారి పాత సమాధులు, లైట్‌హౌస్, గడియార స్తంభం అన్నీ పెద్దవాళ్లు కూడా నిదానంగా నడిచి చూడగలిగినంత దగ్గరలో ఉన్నాయి. సమాధుల మీది చెక్కడాలు అరిగిపోతున్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరికి ఈ చరిత్రను చెప్పే మంచి ఫలకాలు లేకపోవడం బాధ కలిగించింది.

పావురాలకొండ ఎక్కడం అత్తయ్యగారి వల్ల కాదని మానుకున్నాం. తొట్లకొండ బౌద్ధారామానికి మాత్రం వాహనం పైదాకా వెళుతుంది, కొండమీది నుంచి సముద్రం విశాలంగా కనిపిస్తుంది. ఎర్రమట్టి దిబ్బల్లో నీడ ఉండదు కనుక సాయంత్రం వెళ్లాలి, తాగునీరు వెంట ఉంచుకోవాలి. గట్ల అంచులు వదులుగా ఉంటాయి కాబట్టి పిల్లలను వాటిమీదికి ఎక్కనివ్వకూడదు. గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపించినా లోపలి ప్రవాహం బలమైనది; అక్కడ మేము పిల్లలను నీళ్లలోకి దింపలేదు.

నగరం నుంచి బీచ్ రోడ్డు మీదుగా ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. ఊళ్లో తిరగడానికి ఆటో చాలు, కానీ తొట్లకొండకూ దిబ్బలకూ వెళ్లేటప్పుడు రానూపోనూ, ఆగి ఉండే సమయంతో కలిపి మాట్లాడుకోకపోతే తిరుగుబండి దొరకడం కష్టం.